కట్టు అంటుకోకూడదు: వరంగల్ ఎండల్లో ఒక నానో హైడ్రోజెల్ రూపుదిద్దుకున్న తీరు

మధుమేహం వల్ల పాదానికి పుండు పడిన ఒక పెద్దాయన కట్టు మార్పించుకోవడానికి వచ్చిన రోజు, నేను వరంగల్‌లోని ఒక ఆస్పత్రి డ్రెస్సింగ్ గదిలో, శస్త్రవైద్యుడి అనుమతితో, ఒక మూలన నిలబడి చూస్తున్నాను. ఆయన పరకాల వైపు పత్తి రైతు. అది మే నెల. ఊరి నుంచి బస్సులో వచ్చేసరికి గాజ్ గుడ్డలోని తడి పూర్తిగా ఆరిపోయి, రసితో కలిసి అట్టలా గట్టిపడి, పుండుకు అతుక్కుపోయింది. నర్సు సెలైన్ పోసి నానబెట్టి ఎంత మెల్లగా లాగినా గుడ్డతో పాటు కొత్తగా వస్తున్న ఎర్రటి కండ కొంత లేచి వచ్చి రక్తం కారింది. మధుమేహంలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గిపోతుంది గానీ ఆయనకు ఇంకా మిగిలి ఉంది. "పుండు నొప్పి కాదు బిడ్డా, కట్టు ఇప్పేటప్పుడే పాణం మీదికొస్తది" అని ఆయన నాతో అన్నారు. ఆ తరువాత మేము చేసిన ప్రతి నమూనాకూ మొదటి పరీక్ష ఆ మాటే అయింది.

మా బృందంలో ముగ్గురం: ఔషధ సూత్రీకరణ చూసే నేను, పాలిమర్ రసాయనశాస్త్రం తెలిసిన ఒక సహోద్యోగి, ఆ శస్త్రవైద్యుడు. మేము కోరుకున్నది మూడు లక్షణాలున్న ఒక పలుచని జెల్ పలక. అది ఎండాకాలంలో కూడా ఆరిపోకుండా పుండుపై తడిని నిలపాలి, తీసేటప్పుడు కండను లాగకూడదు, కట్టు విప్పకుండానే లోపలి పుండు రంగు కనిపించేంత పారదర్శకంగా ఉండాలి. మూడవ కోరిక వైద్యుడిది. పుండు నల్లబడుతోందా, చీము పడుతోందా అని చూడటానికే రోజూ కట్టు విప్పవలసి వస్తోందని, చూడగలిగితే సగం బాధ తగ్గుతుందని ఆయన వాదన. మొదట్లో నేను దానికి పెద్ద ప్రాముఖ్యం ఇవ్వలేదు. చివరకు కొన్ని కీలక నిర్ణయాలను ఆ కోరికే చేసింది.

పుండును ఆరబెడితే త్వరగా మానుతుందన్న నమ్మకం మన ఇళ్లలో ఇప్పటికీ బలంగా ఉంది. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మంపై చేసిన ప్రయోగంలో, పైపొర గాయాలను పలుచని ఫిల్ముతో కప్పి తడిగా ఉంచినప్పుడు, గాలికి వదిలేసిన గాయాలకన్నా దాదాపు రెట్టింపు వేగంతో కొత్త చర్మం పరుచుకుంది. చర్మకణాలు ఎండిన పక్కు కింద సొరంగం తవ్వుకుంటూ పోవలసిన పని లేకుండా తడి ఉపరితలం మీదుగా జరగగలగడమే దానికి కారణం. ఆ తడిని అందించడానికి హైడ్రోజెల్ సహజమైన ఎంపిక. తాటిముంజను చూసినవారికి హైడ్రోజెల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు: బరువులో ఎక్కువ భాగం నీరే, అయినా పోస్తే కారిపోదు, ఎందుకంటే పాలిమర్లనే పొడవాటి అణువుల వల ఆ నీటిని పట్టుకుని ఉంచుతుంది. వైద్యానికి ఇటువంటి జెల్‌లు పనికివస్తాయని 1960లో చెకోస్లోవేకియాకు చెందిన ఒట్టో విక్టర్లె, ద్రహొస్లావ్ లిమ్ ప్రతిపాదించారు. ఆ మరుసటి ఏడాది క్రిస్మస్ రోజున విక్టర్లె పిల్లల ఆటసామాను, సైకిల్ డైనమోలతో ఇంట్లోనే యంత్రం కట్టి మెత్తని కాంటాక్ట్ లెన్సులు తయారుచేశారు. చిన్న ప్రయోగశాలల్లో పనిచేసేవారికి ఆ సంగతి ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు.

మామూలు హైడ్రోజెల్ బలహీనత కూడా తాటిముంజదే, వేలితో నొక్కితే చిట్లుతుంది. 2002లో జపాన్‌లో హరగుచి, తకెహిస అనే శాస్త్రవేత్తలు పాలిమర్ గొలుసులను ముడివేసే రసాయన క్రాస్‌లింకర్‌కు బదులుగా నానో పరిమాణపు (మీటరులో వందకోట్ల వంతుల్లో కొలిచే) బంకమన్ను పలకలనే ముడులుగా వాడి, తన పొడవుకు దాదాపు పది రెట్లు సాగే జెల్‌ను చూపించారు. నానో కణాలు కలిపిన, అంటే నానోకంపోజిట్ హైడ్రోజెల్‌ల మీద ఇంత పని జరగడానికి ఆ ఫలితం పెద్ద ప్రేరణ. అయితే అక్కడ పాలిమర్ గొలుసులు మట్టి పలకల ఉపరితలం నుంచే పెరుగుతాయి. ముందే తయారైన పాలిమర్‌లో మట్టిని కలిపి అదే బలాన్ని ఆశించడం పొరపాటు. మేమూ కొన్ని వారాలు ఆ పొరపాటులోనే ఉన్నాము.

మేము ఎంచుకున్న పాలిమర్ సోడియం ఆల్జినేట్. ఇది గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. కాల్షియం తగిలితే దాని గొలుసులు జతలుగా చేరి, గుడ్ల ట్రేలో గుడ్లు కూర్చున్నట్టు కాల్షియం అయాన్లను మధ్యలో పొదువుకుని గట్టిపడతాయి. గ్లూటరాల్డిహైడ్ వంటి విషపూరితమైన క్రాస్‌లింకర్ అవసరం ఉండదు. నానో పదార్థంగా లాపోనైట్ తీసుకున్నాము. అది కృత్రిమంగా తయారుచేసే బంకమన్ను. ఒక్కో పలక సుమారు 25 నుంచి 30 నానోమీటర్ల వ్యాసం, ఒక నానోమీటరు మందం ఉండే బిళ్ల. బిళ్ల ముఖాల మీద రుణావేశం, అంచుల్లో స్వల్పంగా ధనావేశం ఉంటాయి కనుక నీటిలో అవి అంచు నుంచి ముఖానికి ఆనుకుని పేకమేడలా నిలబడతాయి. కదిపితే ఆ మేడ కూలి ద్రవమవుతుంది, వదిలేస్తే మళ్లీ నిలబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, బాగా విడిపోయిన లాపోనైట్ కాంతికి అడ్డు రాదు, జెల్ అద్దంలా ఉంటుంది.

నీళ్ల దగ్గర పోయిన రెండు నెలలు

ఈ పనిలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా వేధించినది జెల్ కాదు, దానిలో పోసే నీరు. మొదటి బ్యాచ్ అద్దంలా వచ్చింది. రెండవది మజ్జిగలా తెల్లబడింది. మూడవది మళ్లీ బాగుంది, నాలుగు, అయిదు బ్యాచ్‌లు ఉండలు కట్టాయి. అదే పొడి, అదే తూకం, కలిపే మనిషి కూడా ఒకరే. ఆల్జినేట్ డబ్బాను అనుమానించి కొత్తది తెప్పించాము, స్టిర్రర్ వేగాన్ని మార్చి చూశాము, లాపోనైట్ చెమ్మ పట్టిందేమోనని ఓవెన్‌లో ఆరబెట్టాము. ఏదీ పనిచేయలేదు.

చివరకు సహోద్యోగి, వేరే పని కోసం బయటకు తీసిన కండక్టివిటీ మీటరును (నీటిలో ఎంత లవణం ఉందో విద్యుత్ ప్రసరణ ద్వారా చెప్పే పరికరం) యథాలాపంగా మా నీటిలో ముంచి చూశారు. లవణాలు తీసేసిన (డీఅయనైజ్డ్) నీటికి సెంటీమీటరుకు ఒకటి రెండు మైక్రోసీమెన్స్ చూపించవలసిన చోట అంకె వందలు దాటింది. శుద్ధి యంత్రంలోని రెజిన్ కాట్రిడ్జ్ అయిపోయి చాలా రోజులైంది. మాకు వచ్చేది బోరు నీరు, వేడిచేసిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే కఠిన జలం. కాట్రిడ్జ్ పని మానేశాక ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం నేరుగా మా బీకరులోకి వస్తున్నాయి. మధ్యలో ఎవరో బయట కొన్న డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు వాడిన రోజుల్లోనే బ్యాచ్‌లు బాగా వచ్చాయని పుస్తకం తిరగేస్తే తేలింది.

దీని వెనుక ఉన్న కారణం స్పష్టమైనదే. లాపోనైట్ బిళ్లలు ఒకదానికొకటి దూరంగా ఉండటానికి వాటి ముఖాల మీది రుణావేశమే కారణం. నీటిలో లవణం ఉంటే ఆ ఆవేశపు ప్రభావం బిళ్ల చుట్టూ కొద్ది దూరంలోనే ఆగిపోయి బిళ్లలు అతుక్కుంటాయి, అందులోనూ రెండు ఆవేశాలున్న కాల్షియం, ఒకే ఆవేశమున్న సోడియం కంటే ఎన్నో రెట్లు తక్కువ మోతాదులోనే ఈ పని చేస్తుంది. పైగా అదే కాల్షియం ఆల్జినేట్‌ను అక్కడక్కడా ముందే గట్టిపరుస్తుంది. జొన్న గట్క వండేవారు పిండిని మరిగే నీటిలో ఒక్కసారిగా కుమ్మరించరు. నీళ్లు తాకగానే పై పొర ఉడికి ముద్దకట్టి లోపలి పిండి పొడిగానే ఉండిపోతుందని వారికి తెలుసు. మా బీకరులో జరిగినదీ అదే.

ఏమైనా తరువాత మేమే కాల్షియం కలుపుతాము కదా, అప్పుడు మట్టి ఎందుకు ఉండలు కట్టదు అని మా విద్యార్థి ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అప్పటికి బిళ్లలు పూర్తిగా విడిపోయి వాటి చుట్టూ ఆల్జినేట్ గొలుసులు చేరి ఉంటాయి, కాల్షియం కూడా మెల్లగా విడుదలవుతుంది కనుక బిళ్లలు ఉన్నచోటే వలలో బందీ అవుతాయి. అంటే కలిపే వరుసలోనే సగం ఫలితం ఉంది: ముందు శుద్ధమైన నీటిలో లాపోనైట్‌ను పూర్తిగా తేటపడేదాకా తిప్పాలి, దానికదే గట్టిపడకముందే ఆల్జినేట్‌ను సన్నగా చల్లాలి, కాల్షియం అన్నిటికంటే చివర. ఆ రోజు నుంచి ప్రతి బ్యాచ్ పత్రంలో మొదటి గడి నీటి కండక్టివిటీదే. అది 5 మైక్రోసీమెన్స్ దాటితే ఆ రోజు జెల్ చేయము.

గట్టిపరచడం

కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని పైనుంచి పోస్తే పలక పై పొర తోలులా బిగుసుకుని లోపల పచ్చిగానే ఉండిపోతుంది. అందుకని నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్ మెత్తటి పొడిని ముందే కలిపి, తరువాత గ్లూకోనో డెల్టా లాక్టోన్ చేర్చాము. లాక్టోన్ నీటితో చర్య జరిపి నెమ్మదిగా ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం కార్బొనేట్‌ను కరిగిస్తుంది, కాల్షియం పలక అంతటా ఒకేసారి పుడుతుంది. కార్బొనేట్ ఒక మోలుకు లాక్టోన్ రెండు మోళ్లు వేస్తే పీహెచ్ తటస్థంగా నిలుస్తుందన్నది తెలిసిన లెక్క. 100 మిల్లీలీటర్లకు 0.30 గ్రాముల కార్బొనేట్, 1.07 గ్రాముల లాక్టోన్ పడతాయి. కానీ లాపోనైట్ ద్రావణం స్వతహాగా క్షారగుణం కలది, పీహెచ్ 9 పైనే ఉంటుంది. అది లాక్టోన్ ఇచ్చిన ఆమ్లంలో కొంత మింగేయడంతో మా పలకలు మెత్తగా, మధ్యలో కరగని కార్బొనేట్ చుక్కలతో వచ్చాయి. లాక్టోన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ మరుసటి రోజు పీహెచ్ కొలుస్తూ సరైన చోటుకు చేరాము. ఆల్జినేట్ 2 శాతం, లాపోనైట్ 2 శాతం దగ్గర స్థిరపడ్డాము. జెల్ గట్టిదనాన్ని కొలిచే రియోమీటరు మా దగ్గర లేదు. నగరంలోనే మరో విద్యాసంస్థలో కొలిపించుకున్నాము. మట్టి చేరిన జెల్ గట్టిదనం పెరిగిందన్నది నిజమే గానీ, మమ్మల్ని సంతోషపెట్టింది వేరొకటి: చేతితో మడతపెట్టినప్పుడు మట్టి లేని పలక చీలిపోయింది, మట్టి ఉన్నది మడమ వంపు మీద అమరింది.

పలక ద్రవాన్ని ఎంత పీల్చుకుంటుందో చూసే ఉబ్బుదల పరీక్షలో ఇంకో తప్పు చేశాము, ఇది చాలామంది కొత్తవారు చేసేదే కనుక చెప్పాలి. కణాల పనికి వాడే ఫాస్ఫేట్ బఫర్‌లో పలకను వేస్తే ఒక రోజులో ముద్దయి విచ్చిపోయింది. పదార్థమే పనికిరాదనుకున్నాము. నిజానికి ఫాస్ఫేట్ కాల్షియంను లాగేసుకుంటుంది, సోడియం దాని స్థానంలో చేరుతుంది, గుడ్ల ట్రే ఖాళీ అవుతుంది. పుండు రసిలో ఫాస్ఫేట్ అంతగా ఉండదు, కాల్షియం ఉంటుంది. డ్రెస్సింగ్‌ల పరీక్షకు యూరోపియన్ ప్రమాణం చెప్పే ద్రావణంలో లీటరుకు సోడియం 142, కాల్షియం 2.5 మిల్లీమోళ్లు ఉంటాయి, అంటే 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్. ఆ ద్రవంలో అదే పలక మూడు రోజుల తరువాత కూడా చేతిలోకి ముక్కగా వచ్చింది.

ఎండ

ఇక్కడిదాకా అన్నీ ఏసీ గదిలో చేసిన పరీక్షలే. వైద్యుడు ఒక రోజు వచ్చి, పలకను చూసి మెచ్చుకుని, "దీన్ని మీ ఇంటి రేకుల షెడ్డులో ఒక పూట పెట్టి చూడండి" అన్నారు. ఉత్తర తెలంగాణలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, రామగుండం వైపు వేడి ఇంకా ఎక్కువ, వడగాలిలో తేమ దాదాపు ఉండదు. పొడి పుండును పోలడానికి 35 శాతం జెలటిన్ పొర మీద, రసి కారే పుండును పోలడానికి 2 శాతం అగార్ (నాచు నుంచి తీసే మరో జెల్) మీద పలకలను పరిచి షెడ్డులో ఉంచాను. సాయంత్రం లోపలికి తెచ్చి, వేడికి కరిగిన జెలటిన్ మళ్లీ గట్టిపడ్డాక చూస్తే, దాని మీది పలక అంచులు పైకి లేచి, మధ్యభాగం పారదర్శకమైన అప్పడంలా ఎండి, జెలటిన్‌కు గట్టిగా అతుక్కుంది. లాగితే జెలటిన్ చిరిగింది. పరకాల పెద్దాయన పాదం మీద గాజ్ గుడ్డ చేసిన పనినే మా నానోకంపోజిట్ కూడా చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నానో బంకమన్ను నీటిని పట్టుకుని ఉంచుతుందని రాసేవారు చాలామంది ఉన్నారు. కొంత ఆలస్యం చేస్తుందన్నది మా కొలతల్లోనూ కనిపించింది. అయితే 2 శాతం మట్టి, 44 డిగ్రీల పొడిగాలిని ఆపగలదని ఆశించడం అన్యాయం. రెండు మార్పులు చేశాము. మొదటిది 10 శాతం గ్లిజరిన్. ఇది గాలిలోని చెమ్మను పట్టుకుంటుంది, ఎండినా పలకను మెత్తగా ఉంచుతుంది. ఇంకా ఎక్కువ వేస్తే జెల్ బలహీనపడటమే కాక, పుండు నుంచి నీటిని బయటకు లాగే ప్రమాదం ఉంది కనుక అక్కడే ఆగాము. రెండవది పలక వెనుక పలుచని పాలీయురెథేన్ ఫిల్ము. ఆవిరిని కొంత పోనిస్తూ, బయటి నీటిని, మురికిని ఆపుతుంది. షెడ్డు పరీక్ష మళ్లీ చేసినప్పుడు పలక బరువు తగ్గింది గానీ మెత్తగానే ఉంది, జెలటిన్ మీద నుంచి తడి ఆకులా లేచి వచ్చింది.

ఫిల్ముకు తన సమస్య తనకుంది. రసి ఎక్కువ కారే పుండు మీద అది తేమను బంధించి చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని నానబెట్టి తెల్లబరుస్తుంది, అక్కడి నుంచి పుండు ఇంకా పెద్దదవుతుంది. అగార్ మీద ఉంచిన పలక కింద నీరు నిలవడం చూశాక, ఈ డ్రెస్సింగ్ తక్కువ రసి ఉన్న పుండ్లకే అని మా పత్రంలో స్పష్టంగా రాసుకున్నాము. అన్ని పుండ్లకూ పనికొచ్చే జెల్ అని ఎవరైనా చెబితే నేను నమ్మను. పాదపు పుండు విషయంలో చక్కెర అదుపు, రక్తప్రసరణ, పుండు మీద బరువు పడకుండా చూసే చెప్పు, ఈ మూడు లేకపోతే ఏ జెల్ కూడా ఆ పాదాన్ని కాపాడలేదని కూడా వైద్యుడు ప్రతి సమావేశంలో గుర్తుచేసేవారు.

వెండిని వదులుకోవడం

మొదటి ప్రతిపాదనలో వెండి నానో కణాలు కూడా ఉన్నాయి. యాంటీబాక్టీరియల్ అన్న మాట లేకుండా పుండు డ్రెస్సింగ్ మీద ప్రతిపాదన రాయడం కష్టమని అప్పట్లో నా అభిప్రాయం. వెండి కలిపిన పలకలు స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను పెంచిన అగార్ ప్లేట్లలో, తమ చుట్టూ అది పెరగని వలయాలు చూపించాయి. అయితే ఆ వలయం, జెల్ నుంచి వెండి ఎంత దూరం పాకిందో చెబుతుంది. వెండిని బాగా పట్టుకుని ఉంచే జెల్ చిన్న వలయమే ఇస్తుంది, అంతమాత్రాన అది పనికిరానిది కాదు, వెండిని వదిలేసే జెల్ పెద్ద వలయం ఇస్తుంది, అంతమాత్రాన అది మంచిదీ కాదు. పైగా పుండు రసిలోని క్లోరైడ్, ప్రొటీన్లు వెండి అయాన్లను బంధించేస్తాయి, ప్లేటులో కనిపించిన ప్రభావం పుండులో అంతే ఉండదు.

ఎల్929 అనే ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ (చర్మం కింది కణజాలపు) కణాల మీద చూసినప్పుడు సందేహం బలపడింది. వలయం స్పష్టంగా వచ్చే మోతాదులో కణాల మనుగడ, ఐఎస్‌ఓ 10993-5 ప్రమాణం హద్దుగా చెప్పే 70 శాతం కంటే కిందికి జారింది. మోతాదు తగ్గిస్తే కణాలు బాగున్నాయి, వలయం పోయింది. ఇక రంగు. వెండి నానో కణాలు 400 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని పీల్చుకుంటాయి కనుక పలక పసుపుపచ్చగా ఉండేది, వెలుతురులో ఉంచితే గోధుమరంగుకు తిరిగేది. వైద్యుడు దాన్ని ఒక ఫొటో మీద పెట్టి చూసి, "దీని కింద కుళ్లిన కండకూ మంచి కండకూ తేడా నాకు తెలియదు" అన్నారు. వెండిని తీసేశాము. ఇన్ఫెక్షన్ ఉన్న పుండుకు వేరే చికిత్స ఉంది. మా పలక చేయవలసిన పని తడిని నిలపడం, అంటుకోకపోవడం, లోపల ఏముందో చూపించడం. భారతదేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమాలు పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఏ నుంచి డి వరకు నాలుగు తరగతులుగా విభజిస్తాయి. అదనంగా చేర్చే ప్రతి క్రియాశీల పదార్థం ఆ మార్గంలో మరికొన్ని ప్రశ్నలను తెస్తుంది.

కణ పరీక్ష గురించి ఒక హెచ్చరిక. కణాలు బతికి ఉన్నాయో లేదో రంగుతో కొలిచే ఎంటీటీ పరీక్షలో కణాలు తయారుచేసే ఊదారంగు ఫార్మజాన్‌ను లాపోనైట్ తన మీదికి పీల్చుకోగలదు, అప్పుడు కణాలు బతికే ఉన్నా అంకె తక్కువ వస్తుంది. వెండి తన సొంత రంగుతో అంకెను మరోవైపు తిప్పగలదు. అందుకని జెల్ ముక్కను నేరుగా కణాల మీద పెట్టకుండా దాని సారాన్ని తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి వాడాము. కణాలు లేని గుంటల్లో అదే సారాన్ని ఉంచి, వచ్చిన అంకెను తీసివేశాము. ఈ సవరణ చేశాక కూడా వెండి పలకల ఫలితం మారలేదు, కేవలం మట్టి ఉన్న పలకలు హద్దుకు చాలా పైన నిలిచాయి. లాపోనైట్‌లో కొద్దిగా లిథియం ఉంటుంది, తటస్థ పీహెచ్‌లో బిళ్ల మెల్లగా కరుగుతూ దాన్ని వదులుతుంది కనుక, ఆ విడుదలను కూడా కొలిచే ఏర్పాటు చేసుకున్నాము.

ఇప్పుడు ఆగిన చోటు

ప్రస్తుతం మమ్మల్ని ఆపినది స్టెరిలైజేషన్, అంటే సూక్ష్మజీవులేవీ మిగలకుండా చేయడం. తయారైన పలకను, అధిక పీడనపు ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెడితే ఆల్జినేట్ గొలుసులు తెగి పలక జారుముద్ద అవుతుంది. గామా కిరణాలు కూడా గొలుసులను తెంచుతాయి. మట్టి కలిసిన చిక్కటి ద్రావణం 0.22 మైక్రాన్ల ఫిల్టరు గుండా పోదు. కనుక భాగాలను విడివిడిగా శుద్ధి చేసే దారి పట్టాము. లాపోనైట్ ద్రావణం ఆటోక్లేవ్ వేడిని తట్టుకుంటుంది, కార్బొనేట్‌ను పొడి వేడితో శుద్ధి చేయవచ్చు, ఆల్జినేట్‌ను బాగా పలుచన చేసి వడపోసి గడ్డకట్టించి ఆరబెట్టవచ్చు (ఫ్రీజ్ డ్రై), లాక్టోన్‌ను మాత్రం కలిపే క్షణంలోనే నీటిలో కరిగించి వడపోయాలి, ఆలస్యమైతే అది సిరంజిలోనే ఆమ్లమైపోతుంది. ఇవన్నీ వడపోసిన గాలి వీచే లామినార్ హుడ్ కింద ఒక మనిషి ఒక పూటలో చేయగలిగే క్రమంలోకి తేవాలి. ఇప్పటికి చేసిన మూడు ప్రయత్నాల్లో రెండింటి పలకలను ఉంచిన కల్చర్ మీడియం (సూక్ష్మజీవులు పెరిగే పోషక ద్రవం) స్టెరిలిటీ పరీక్షలో 14 రోజులు తేటగా నిలిచింది, అంటే ఏమీ పెరగలేదు. మూడవది నాలుగవ రోజుకే మబ్బుపట్టింది, కారణం ఫ్రీజ్ డ్రైయర్ దగ్గరే ఉందని అనుమానం. అది తేలేదాకా జంతు ప్రయోగాల అనుమతికి దరఖాస్తు పెట్టకూడదని ముగ్గురం నిర్ణయించుకున్నాము, మనుషుల మీద వాడటం ఇంకా చాలా దూరం. వచ్చే వారం ఫ్రీజ్ డ్రై చేసిన ఆల్జినేట్‌ను ఒక్కదాన్నే, మిగతా ఏదీ కలపకుండా, కల్చర్ మీడియంలో వేసి చూస్తాము.